అనుమతి లేని ఇంట్లో అద్దెకు దిగితే: హక్కులు ఎంతవరకు, దారులు ఏవి?

క్లుప్తంగా: కట్టడానికి అనుమతి లేకపోవడం ఓనరు తప్పు. దానివల్ల అద్దెకున్నవాళ్ల రక్షణలు చాలావరకు పోవు. అద్దె కట్టాలా వద్దా, కట్టింది వెనక్కి వస్తుందా అన్న విషయంలో మాత్రం ఒక్కో చట్టం ఒక్కో దారి పట్టింది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఇల్లు ప్రమాదకరమని తేల్చే అధికారికే దాన్ని ఖాళీ చేయించే అధికారం కూడా ఉంటుంది. అందుకే ఏ అడుగు ముందు, ఏది తర్వాత అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

నెలనెలా అద్దె కడుతూ ఉంటారు. ఒకరోజు గోడమీద నోటీసు కనిపిస్తుంది: ఈ అంతస్తు ప్లాన్‌లో లేదు, ఖాళీ చేయాలి. ఓనరును అడిగితే ఇవన్నీ మామూలే, పట్టించుకోవద్దంటాడు. గట్టిగా అడిగితే మాట మారుతుంది. కట్టడమే అక్రమమైనప్పుడు అగ్రిమెంటు ఎక్కడిది, అడ్వాన్సు ఎక్కడిది అంటాడు. ఈ రెండో మాటకు భయపడి కొందరు నోరు మెదపకుండా ఉండిపోతారు. ఇంకొందరు ఇచ్చినంత తీసుకుని సామాన్లు సర్దుకుంటారు. చట్టం దృష్టిలో ఆ మాటలో ఉన్న నిజం కొంతే.

అక్రమం వేరు, ప్రమాదం వేరు

ఈ రెండింటినీ ఒకటిగా చూడటంతోనే గందరగోళం మొదలవుతుంది. పార్కింగుకని అనుమతి తీసుకున్న సెల్లార్లో గదులు కట్టి అద్దెకివ్వడం ఒక రకం ఉల్లంఘన. మూడు అంతస్తులకు ప్లాన్ ఉంటే నాలుగోది లేపడం మరొకటి. ఒకే కుటుంబానికి కట్టిన ఇంటిని ప్లైవుడ్ అడ్డాలతో అయిదు పోర్షన్లు చేయడం ఇంకొకటి. కట్టడం ప్లాన్ ప్రకారమే ఉన్నా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే అందులో జనం ఉండవచ్చని స్థానిక అధికారులిచ్చే పత్రం తీసుకోకుండానే జనాన్ని దింపడం కూడా ఉల్లంఘనే. వీటిలో కొన్ని కాగితాల లోపాలు. ఫీజో జరిమానానో కడితే సరిదిద్దుకోవచ్చు. కొన్ని ఎంత ఖర్చు పెట్టినా సరికావు. తల తగిలేంత ఎత్తులో ఉన్న సీలింగును పైకి జరపడం కుదరదు, రెండో మెట్లదారికి జాగా లేనిచోట దాన్ని పుట్టించడమూ కుదరదు.

అన్ని అనుమతులూ ఉన్న భవనంలో కూడా వైరింగ్ కాలిపోతూ ఉండొచ్చు, స్లాబు పెచ్చులూడుతూ ఉండొచ్చు. అక్కడ అద్దెదారు అడగాల్సింది మరమ్మతు. సరిదిద్దడానికి వీల్లేని అక్రమ కట్టడంలో మరమ్మతు కోసం పోరాడటం శ్రమ దండగ. అక్కడ అడగాల్సింది డబ్బు, గడువు. ఏ రకం లోపమో తేల్చుకోకుండా వేసే అడుగు తరచూ తప్పు గుమ్మం తొక్కిస్తుంది.

ముప్పు ఎక్కడుంటుంది

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను తాలూకు వానకు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలోనే 3.15 అంగుళాలు, అంటే 80 మిల్లీమీటర్ల వర్షం పడింది. నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లు. ఆ నగరంలో నేల కిందిగదులకు అద్దె తక్కువ. చాలావాటికి నివాస అనుమతి ఉండదు.

నీళ్లొస్తే లేచి బయటికి రావచ్చు కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే అది ఎంత కష్టమో తెలుస్తుంది. 90 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపు బయట 60 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిచాయనీ, లోపలికి ఇంకా రాలేదనీ అనుకుందాం. ఆ తలుపు మీద పడే నీటి తోపుడు దాదాపు 160 కిలోల బరువుతో సమానం. తలుపు బయటికి తెరుచుకునేదైతే పిడి దగ్గర చెయ్యి వేసి తోసినా అందులో సగం బలం కావాలి. పెద్దవాళ్లకే అది కష్టం, పిల్లలకూ ముసలివాళ్లకూ అసాధ్యం. లోపలికి తెరుచుకునేదైతే గడియ తీయగానే తలుపూ నీళ్లూ కలిసి మీద పడతాయి. నీళ్లు మోకాలు దాటకముందే బయటపడాలి. రాత్రి నిద్రలో ఉన్నవాళ్లకు ఆ వ్యవధి దొరకదు.

కిటికీ సంగతీ ఇంతే. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే నివాస నిర్మాణ కోడ్ ప్రకారం పడకగది కిటికీ తెరిస్తే మామూలుగా కనీసం 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి, దాని కింది అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. లోపలివాళ్లు అందులోంచి బయటికి రాగలగాలి, వీపున సిలిండరు తగిలించుకున్న ఫైర్ సిబ్బంది లోపలికి దూరగలగాలి. ఈ రెండు అవసరాల నుంచి పుట్టిన కొలత అది. దొంగల భయంతో ఊచలు బిగించిన చిన్న వెంటిలేటరు ఈ రెండింటికీ పనికిరాదు.

అడ్డాలు పెట్టి విడగొట్టిన పోర్షన్లలో ప్రమాదం కరెంటు వైపు నుంచి వస్తుంది. ఒక కుటుంబం వాడకానికి వేసిన వైరు అయిదు పోర్షన్ల గీజర్లను, కుక్కర్లను మోయాల్సి వస్తుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో ఒకరు పెద్ద ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టిస్తారు. అప్పటినుంచి ట్రిప్ కావడం ఆగుతుంది, వైరు వేడెక్కడం మాత్రం ఆగదు. గ్యాస్ గీజరో బాయిలరో ఉన్న గదిని ఆనుకుని పడకగది ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ముప్పు తోడవుతుంది. దానికి రంగూ వాసనా లేవు కాబట్టి డిటెక్టరు లేనిచోట పసిగట్టే మార్గం లేదు.

అగ్రిమెంటు చెల్లదంటే నష్టం ఎవరికి

పాత ఆంగ్ల న్యాయసూత్రం ప్రకారం అద్దె అంటే నేలకు ఇచ్చే మూల్యం. పైన ఇల్లు ఏ స్థితిలో ఉన్నా అద్దె కట్టాల్సిందే. అమెరికా రాజధాని వాషింగ్టన్ కోర్టుల్లో 1968 నుంచి 1972 వరకు వచ్చిన కొన్ని తీర్పులు ఈ లెక్కను తిరగరాశాయి.

మొదటిది 1968 నాటి బ్రౌన్ వర్సెస్ సౌథాల్ రియాల్టీ కేసు. ఆ ఇంట్లో టాయిలెట్ మూసుకుపోయింది, రెయిలింగ్ విరిగింది, బేస్‌మెంట్ సీలింగు ఉండాల్సినంత ఎత్తులో లేదు. ఇవి తెలిసే ఓనరు ఇల్లు అద్దెకిచ్చాడు. హౌసింగ్ నిబంధనలను ఉల్లంఘిస్తూ చేసుకున్న అద్దె ఒప్పందం చెల్లదని, దాని ఆధారంగా అద్దె అడగలేరని కోర్టు తేల్చింది. అద్దెదారులకు గెలుపే. కానీ కత్తికి రెండో వైపు త్వరలోనే బయటపడింది. ఒప్పందమే చెల్లనప్పుడు గడువు దాకా ఉండే హక్కు కూడా చెల్లదు కదా! అదే నగరంలో మరో ఓనరు సరిగ్గా ఈ వాదనతోనే 30 రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయించబోయాడు. రాబిన్సన్ వర్సెస్ డైమండ్ హౌసింగ్ కేసులో 1972లో ఫెడరల్ అప్పీలు కోర్టు దానికి అడ్డుపడింది. అద్దెదారు తన హక్కు వాడుకున్నందుకు కక్షతో ఖాళీ చేయించడం కుదరదంది.

ఈ రెండింటి మధ్యలో, 1970లో వచ్చిన జావిన్స్ తీర్పు ఇంకో దారి తీసింది. క్లిఫ్టన్ టెర్రస్ అనే సముదాయంలో దాదాపు 1,500 ఉల్లంఘనలు ఉన్నాయని అద్దెదారులు చెప్పారు. ఒప్పందం చెల్లదనే బదులు, ఇల్లు నివసించదగినట్టు ఉంచుతాననే హామీ ప్రతి అద్దె ఒప్పందంలోనూ రాయకపోయినా ఉన్నట్టేనని కోర్టు చెప్పింది. ఆ హామీ తప్పితే అద్దె బాధ్యత కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఒప్పందం నిలిచే ఉంటుంది కాబట్టి అద్దెదారు కాలికింద నేల జారిపోదు. తర్వాత అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు నడిచింది ఈ బాటలోనే.

కెనడాలోని ఒంటారియోలో 2006 నాటి చట్టం మరింత సూటిగా ఉంటుంది. ఇంట్లోకి దిగేముందే లోపాలు తెలిసినా సరే, మరమ్మతు బాధ్యత ఓనరుదే అంటుంది దాని 20వ సెక్షన్. ‘తెలిసే వచ్చావు కదా’ అనే వాదనకు అక్కడ తావు లేదు.

అద్దె: కట్టకుండా ఆపడమా, కట్టింది రాబట్టడమా

అద్దెదారులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకచోట చెల్లే ఎత్తు మరోచోట నిండా ముంచుతుంది.

న్యూయార్క్ మల్టిపుల్ డ్వెల్లింగ్ చట్టం ప్రకారం మూడు లేదా అంతకుమించి కుటుంబాలుండే భవనానికి తగిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే ఆ కాలానికి ఓనరు అద్దె రాబట్టలేడు, అద్దె కట్టలేదన్న కారణంతో ఖాళీ చేయించే కేసూ వేయలేడు. రెండు కుటుంబాలకు అనుమతి ఉన్న ఇంట్లో సెల్లారు కూడా అద్దెకిస్తే అది లెక్కకు మూడు కుటుంబాల ఇల్లవుతుంది, సర్టిఫికెట్ చాలకుండా పోతుంది. అయితే ఇష్టపూర్వకంగా ఇప్పటికే కట్టేసిన అద్దెను వెనక్కి ఇప్పించడానికి అక్కడి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. అంటే నమ్మకంగా నెలనెలా కట్టినవాళ్లకు ఈ చట్టం వల్ల దక్కేది తక్కువ. కట్టకుండా ఆపినవాళ్లకే బలం.

ఇంగ్లండ్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. పలు కుటుంబాలు కలిసి ఉండే ఇంటికి 2004 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. లైసెన్సు లేకపోయినా అద్దె కట్టాలన్న షరతు చెల్లుతుందని అదే చట్టం రాసిపెట్టింది. అద్దె ఆపితే బకాయిదారే అవుతారు. కానీ ట్రైబ్యునల్‌కు వెళ్లి కట్టిన అద్దెను వెనక్కి ఇప్పించమని అడగవచ్చు. ఒకప్పుడు ఇది 12 నెలల అద్దె దాకా ఉండేది. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం పరిమితిని రెండేళ్లకు పెంచింది. అక్కడ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకున్నవాళ్లదే పైచేయి.

కాలిఫోర్నియా అద్దెతో పాటు ఖాళీ చేయాల్సి వచ్చిన క్షణాన్ని కూడా పట్టించుకుంది. ఇల్లు ప్రమాదకరమని అధికారులు ఖాళీ చేయిస్తే, ఆ ప్రాంతపు సాధారణ అద్దె లెక్కన రెండు నెలల మొత్తాన్ని ఓనరే చెల్లించాలని రాష్ట్ర ఆరోగ్య, భద్రతా కోడ్ చెబుతుంది. నష్టం అద్దెదారే చేసినా, ప్రకృతి విపత్తు వల్ల జరిగినా ఇది వర్తించదు. మూడింటిలో రోడ్డున పడేవాళ్లకు ఆ రోజే అక్కరకొచ్చేది ఇదొక్కటే అనాలి. మిగతా రెండూ ఓనరును శిక్షిస్తాయి గానీ రేపు రాత్రి ఎక్కడ పడుకోవాలో చెప్పవు.

భారత చట్టం ఏం చెబుతుంది

ఇక్కడ అద్దెదారు కోసం ప్రత్యేకంగా ఇలాంటి సూత్రమేదీ లేదు. పాత చట్టాల్లోంచి ఏరుకోవాల్సిందే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఓనరుకు తెలిసి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే దాన్ని ముందే చెప్పాలి. ఓనరు చేయాల్సిన మరమ్మతును నోటీసిచ్చాక కూడా తగిన గడువులో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్ని ప్రమాదం, వరద లాంటివాటి వల్ల ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు రద్దయినట్టు భావించే ఎంపిక కూడా అద్దెదారుకు ఉంది. అయితే ఇవన్నీ ఒప్పందంలో వేరే మాట లేనప్పుడే. రెడీమేడ్ స్టాంపు పేపరు అగ్రిమెంట్లలో ‘మరమ్మతులన్నీ అద్దెదారే చేయించుకోవాలి’ అనే వాక్యాన్ని చదవకుండా సంతకం పెడితే ఈ రక్షణలో పెద్ద ముక్క పోయినట్టే.

ఒప్పందం చెల్లదని ఓనరే అంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ గుర్తుచేయవచ్చు. ఒప్పందం చెల్లదని తేలితే దాని కింద పొందిన లాభాన్ని తిరిగివ్వాలి అనేది దాని సారం. అడ్వాన్సు అడగడానికి అదొక ఆధారం. చెల్లదనే వాదనతో అడ్వాన్సు మింగేయడం అంత తేలిక కాదు.

సామాన్లు బయట పడేసి తాళం మార్చడం వేరే సంగతి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా కాకుండా, ఇష్టానికి వ్యతిరేకంగా స్వాధీనం పోగొట్టుకున్నవాళ్లు ఆరు నెలల్లోపు కోర్టుకెళ్లి తిరిగి స్వాధీనం అడగవచ్చు. అక్కడ ఇంటి యాజమాన్యం ఎవరిదన్న వివాదంతో పనిలేదు.

సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన రెండు తీర్పులు అద్దెదారుల గురించి కాకపోయినా వాళ్ల మీద ప్రభావం చూపిస్తాయి. నవంబరు 13న ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు నోటీసివ్వాలి, కనీసం 15 రోజుల గడువుండాలి. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపడమే కాక కట్టడం మీద అంటించాలి కూడా. ఓనరు దాచిపెట్టినా అద్దెదారుకు విషయం తెలిసే దారి ఆ అంటించిన కాగితమే. రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లోని, చెరువులూ నదుల వెంట ఉన్న అక్రమ కట్టడాలకు, కోర్టే కూల్చమన్నవాటికి ఈ రక్షణ లేదు. డిసెంబరు 17న వచ్చిన తీర్పు కరెంటు, నీళ్ల కనెక్షన్లను కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలంది. ఇది గట్టిగా అమలైతే ఇల్లు చూసుకునేటప్పుడు సొంత మీటరు ఉందా అన్న ప్రశ్నకు వచ్చే జవాబే సగం కథ చెప్పేస్తుంది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, నీళ్లూ కరెంటూ ఆపడాన్ని నిషేధించింది. రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అది పనిచేస్తుంది.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు చేతిలో సాధారణంగా మూడు దారులుంటాయి: సరిదిద్దమని ఓనరుకు నోటీసివ్వడం, జరిమానా వేయడం, వెంటనే ఖాళీ చేయించడం. బయటపడటానికి ఇంకో మెట్లదారి లేని సెల్లారు, కూలేలా ఉన్న స్లాబు కనిపిస్తే మూడోదే ఎంచుకుంటారు, అది తప్పనలేం. ఫలితంగా ఫిర్యాదు చేసిన కుటుంబమే ముందు వీధిన పడుతుంది. ఓనరు మాత్రం అప్పీలు చేసుకుంటాడు. ఇలాంటి ఇళ్లలో ఏళ్ల తరబడి ఎవరూ ఫోను చేయకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, ఈ లెక్క బాగా తెలిసి ఉండటమే. పునరావాసం ఏర్పాటు లేకుండా తనిఖీలు పెంచినచోట అక్రమ అద్దెలు తగ్గకుండా ఇంకా చాటుకు పోయే అవకాశమే ఎక్కువ. న్యూయార్క్‌లో ఖాళీ చేయించినప్పుడు మొదట రెడ్‌క్రాస్, తర్వాత నగర హౌసింగ్ విభాగం తాత్కాలిక వసతి చూస్తాయి. ఆ ఖర్చును నగరం ఓనరు నుంచి రాబట్టగలదు.

కక్షసాధింపుకు మాత్రం చాలాచోట్ల అడ్డుకట్ట ఉంది. హౌసింగ్ అధికారులకు ఫిర్యాదు చేసినందుకు ఖాళీ చేయించడం చెల్లదని 1968లోనే ఎడ్వర్డ్స్ వర్సెస్ హబీబ్ కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు చెప్పింది. న్యూయార్క్‌లో ఫిర్యాదు చేసిన ఏడాదిలోపు ఖాళీ చేయించబోతే అది కక్షతోనే అని ముందు భావిస్తారు, కాదని చూపించుకోవాల్సింది ఓనరే. అయితే ఈ రక్షణ ఓనరు మీద పనిచేస్తుంది. ప్రాణాపాయం ఉందని ఖాళీ చేయించిన అధికారి మీద పనిచేయదు.

అడుగుల వరుస

గోడ కదులుతున్నా, వైరు కాలిన వాసన వస్తున్నా, సెల్లార్లోకి నీళ్లు చేరుతున్నా వరుస గురించి ఆలోచించే పనిలేదు. ముందు బయటికి రావాలి, ఆ తర్వాతే కాగితాలు.

అంత తొందర లేనప్పుడు మొదటి పని ఆధారాలు. తేదీ తెలిసేలా ఫొటోలు, కిటికీ కొలత, మీటరు బోర్డు, అంటించిన నోటీసు, ఓనరుతో నడిచిన మెసేజ్‌లు దాచుకోవాలి. అద్దె నగదుగా ఇస్తూ ఉంటే ఇకపై బ్యాంకు ద్వారా కట్టడం మేలు. అగ్రిమెంటు లేనివాళ్లకు అద్దెదారులని రుజువు చేసేది ఆ ఎంట్రీలే. తర్వాత మున్సిపల్ రికార్డులో ఆ కట్టడానికి ఏ అనుమతి ఉందో చూడాలి. చాలా నగరాల్లో ఇది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. భారత్‌లో దొరకనిచోట సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ పైన వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టాకే ఓనరుతో మాట్లాడటం ఆచరణలో తెలివైన పని. ఫిర్యాదు ఇంకా వెళ్లలేదన్నదే ఆ సమయంలో అద్దెదారుకున్న బలం. పూర్తి అడ్వాన్సు, నోటీసు కాలం మాఫీ, వీలైతే సామాన్లు తరలించే ఖర్చు అడిగి, ఒప్పుకున్నది రాతలో పెట్టించుకోవచ్చు. ‘డబ్బివ్వకపోతే ఫిర్యాదు చేస్తాం’ అనే ధోరణిలో మాత్రం రాయకూడదు, అది బెదిరింపు కింద తిరగబడవచ్చు. ఉన్న లోపాలు, కావలసిన మొత్తం, గడువు రాస్తే చాలు.

అద్దె ఆపడం అన్నిటికంటే చివర. అది స్థానిక చట్టం ఒప్పుకుంటుందని లాయరు ద్వారానో న్యాయ సేవాధికార సంస్థ ద్వారానో తెలుసుకున్నాకే చేయాలి. ఆపినా ఆ డబ్బు ఖర్చు చేయకుండా వేరే ఖాతాలో పెట్టాలి. కోర్టులో అడిగిన రోజున చూపించగలిగితే ఎగవేత కాదు, అభ్యంతరం అని తేలుతుంది. ఓనరు ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. అది కట్టడానికే గానీ అద్దెదారు సామాన్లకు వర్తించదు. అనుమతి లేని వాడకం బయటపడితే కట్టడానికి కూడా కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు.

ఖాళీ చేసేరోజు గదులన్నీ వీడియో తీసి, మీటరు రీడింగు రాసుకుని, తాళాలు ఇచ్చినట్టు తేదీతో సంతకం తీసుకోవాలి. ఓనరు సంతకం పెట్టనంటే అదే విషయం ఆ రోజే మెసేజ్‌గానో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపాలి. స్వాధీనం అప్పగించిన తేదీ ఖాయం కాకపోతే ఆ తర్వాతి నెలల అద్దె కూడా అడ్వాన్సులోంచి కోసుకునే వీలు ఓనరుకు మిగులుతుంది.